రెక్కలు కట్టుటయా, కొనుటయా?

గ్రద్ద రెక్కలు చాచి, ఒక్కమారైనను ఆడింపక, చాలసేపు మింట సుళ్లు తిరుగుచుండుట మన శ్రోతలందరును చూచినదే. ఎండకు వేడెక్కిన నేలనుండి పైకి లేచు వెచ్చని గాలియే దానికి ఊతము. ఆ గాలినే నమ్ముకొని ఎగురు చిన్న విమానమును గ్లైడరు అందురు. దానిని నేలపై నిలిచి రేడియో తరంగములతో నడుపుట ఐరోపా, అమెరికా మొదలగుచోట్ల ఒక గొప్ప పోటీక్రీడ. ఈ క్రీడాకారుల నడుమ చాలకాలముగా ఒక వివాదము కలదు. పోటీకి తెచ్చు గ్లైడరును ఆటగాడు తన చేతులతో కట్టవలెనా, లేక సిద్ధముగా నున్నదానిని కొని తేవచ్చునా? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

నమూనా విమానమును రేడియోతో నడుపుట నిన్న మొన్నటి విద్య కాదు. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు ‘బిగ్ గఫ్’ అను ఇంజనుగల నమూనాను 1930ల చివరనే అట్లు నడిపిరి. విమానమును, రేడియోను గూడ వారే సమకూర్చుకొనిరి. అంగడిలో దొరకనపుడు కొనుటయను ప్రశ్నయే లేదు. తరువాత రేడియో పరికరములు అంగడికి వచ్చినవి. చాలకాలము ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క తరంగము కేటాయింపవలసి యుండెను. ఇద్దరు ఒకే తరంగముపై పంపినచో, రెండు స్టేషన్లు కలగలిసిన రేడియోవలె గ్లైడరు ఎవరి మాటయు వినక నేల గూలెడిది. నేటి 2.4 గిగాహెర్ట్జ్ పరికరములు ఆ బాధను తీర్చినవి. వీనిని అందరును కొందురు. కట్టుమని ఎవరును అడుగరు. కాబట్టి వివాదమంతయు రెక్కలను గురించియే.

కర్రతో కట్టు పద్ధతిని మొదట చెప్పుకొందము. కొండపల్లి బొమ్మలకు తెల్లపొనికి ఎట్టిదో, గ్లైడర్లకు బాల్సా అట్టిది. ఈ మిక్కిలి తేలికైన కర్ర ముఖ్యముగా ఈక్వడారు దేశమునుండి వచ్చును. నిర్మాత బల్లపై పటము పరచి, పలుచని బాల్సా పలకలనుండి కోసిన ప్రక్కటెముకలను వరుసగా నిలిపి, వానిని ఒక దూలముతో కూర్చి, పైన పలుచని పొరను బిగించును. దీనికి అనేక సాయంకాలములు పట్టును. పొర బిగించునపుడు రెక్క మెలి తిరిగినచో గ్లైడరు తిన్నగా పోక ఒక వైపునకే ఒరుగును.

కొను గ్లైడరు వేరొక శిల్పము. కంప్యూటరు నడుపు యంత్రముతో మొదట అచ్చును చెక్కుదురు. అచ్చులో ముందుగా రంగు చిమ్ముదురు; దాని మీద జిగురు పట్టించిన కార్బను నార గుడ్డను, పలుచని నురుగు పలకను పరచి, గాలి తీసివేసి అదుముదురు. రెక్క పైభాగము ఒక అచ్చునను, క్రిందిభాగము వేరొక అచ్చునను సిద్ధమైన పిదప, నడుమ దూలము నుంచి రెంటిని అతుకుదురు. అచ్చు విప్పునప్పటికి రంగుతో సహా రెక్క సిద్ధము. ఈ కొసనుండి ఆ కొసకు సుమారు 4 మీటర్లున్నను, మొత్తము గ్లైడరు తరచుగా కిలోన్నర తూగదు. ఇట్టివానిలో 2,000 యూరోలకు మించిన ధర గలవి అనేకము.

మాట దాచనేల? ఇంటి బల్లపై ఎంత నేర్పరి కట్టినను, రెక్క రూపము అచ్చులో వచ్చినంత నిర్దుష్టముగా వచ్చుట దుర్లభము. చిన్న రెక్కలపై, తక్కువ వేగమున, గాలి నడక మిక్కిలి సుకుమారమైనది; ముందంచు ఆకృతిలో అల్పదోషము సైతము గ్లైడరును త్వరగా దింపును. కనుక పెద్ద పోటీలలో నేడు అచ్చు గ్లైడర్లదే పైచేయి. డబ్బు గెలుపును కొనుచున్నదని కొందరు నొచ్చుకొందురు. ఆ నొప్పి అకారణము కాదు. చేతిలో పైకము లేని యువకుడు గట్టుననే నిలిచిపోవుట ఏ క్రీడకును శోభ గాదు.

అయినను డబ్బు ఏమి కొనగలదో, ఏమి కొనలేదో లెక్క వేసి చూడవలెను. ఎఫ్ 5 జె అను అంతర్జాతీయ తరగతిని తీసికొందము. ఇందు గ్లైడరు ముక్కున చిన్న విద్యుత్ మోటారు ఉండును. అది 30 సెకనులకు మించక నడిచి, గ్లైడరును పైకి చేర్చి ఆగవలెను; ఆపైన గాలియే దిక్కు. ఎగిరిన ప్రతి సెకనుకు ఒక మార్కు; లక్ష్యము 10 నిమిషములు. గుర్తునకు మీటరు లోపల దింపినచో 50 మార్కులు అదనము. ఎక్కిన ఎత్తునకు మాత్రము కోత కలదు: 200 మీటర్లవరకు మీటరుకు అర మార్కు, ఆపైన మీటరుకు 3 మార్కులు. అనగా 200 మీటర్లు ఎక్కినవానికి 100 మార్కులు, 60 మీటర్లకే మోటారు ఆపినవానికి 30 మార్కులు పోవును. కాని గ్లైడరు సెకనుకు అర మీటరు దిగుననుకొన్నచో, కదలని గాలిలో 60 మీటర్లు 2 నిమిషములలో తీరిపోవును. మిగిలిన 8 నిమిషములు ఎవరిత్తురు? ఎండిన పొలము మీదనో, చెట్ల వరుస చివరనో లేచు వెచ్చని గాలిని పసిగట్టినవాడే అంత తక్కువ ఎత్తునకు సాహసింపగలడు. మెడకు సోకు పిల్లగాలి దిక్కు మారుట, దూరమున ఒక పక్షి సుళ్లు తిరుగుట అతనికి ఆనవాళ్లు. ఆ తెలివిని ఏ కర్మాగారమును పెట్టెలో పెట్టి అమ్మదు. బల్లముందు గడపు సాయంకాలములను మైదానమున గడపినచో ఆ తెలివి త్వరగా అబ్బునని కొనువారి వాదము. ఇందు సత్యము కలదు.

కట్టువారి వాదమునకును బలము కలదు. రెక్కను కట్టినవానికి దాని లోపలి దూలము కన్నులకు కట్టినట్లుండును. బరువు కేంద్రమును కొంచెము వెనుకకు జరిపినచో గ్లైడరు ఎందుకు తుళ్లిపడునో, ముందునకు జరిపినచో ఎందుకు మొద్దుబారునో అతడు ఇట్టే గ్రహించును. దిగునపుడు రెక్క విరిగినను అతడు దిగులుపడడు. అంతేకాదు, కొను గ్లైడరు కూడ ఎవరో ఒకరి కట్టుడు జ్ఞానమునుండియే పుట్టినది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యులైన మార్క్ డ్రెలాగారు ఇందుకు నిదర్శనము. 1988లో క్రీటు ద్వీపమునుండి సాంటొరిని తీరమువరకు, కేవలము మనిషి కాలిబలముతో, సుమారు 115 కిలోమీటర్లు ఎగిరిన ‘డెడాలస్’ విమానపు రూపకల్పనలో వీరిది ముఖ్యపాత్ర. వీరు ‘బబుల్ డాన్సర్’ వంటి కర్ర గ్లైడర్ల పటములను, ‘సూప్రా’ అను పోటీ గ్లైడరు పటములను ఎవరైనను కట్టుకొనునట్లు బహిరంగముగా ప్రకటించిరి. ఆ సూప్రా పిదప అచ్చులలో తయారై అమ్మకమునకును వచ్చినది.

ఇట్లు ఇరుపక్షములను విన్న పిదప, న్యాయము నియమావళి చేతిలోనే యున్నదని మాకు తోచుచున్నది. జర్మనీలో ఒక చక్కని మార్గము ప్రబలినది. అంతర్జాతీయ విమానక్రీడా సమాఖ్య నియమములలో దానికి ఎఫ్ 3 ఎల్ అని పేరు. రెక్కల పొడవు 2 మీటర్లు మించరాదు. నిర్మాణము ముఖ్యముగా కర్రతోనే జరుగవలెను. గ్లైడరును రబ్బరు త్రాడు సాగదీసి పైకి విడువవలెను. ఈ నియమము చేతిపనిని నిర్బంధింపదు. కర్రను మాత్రమే నిర్బంధించును. లేజరుతో కోసిన ముక్కల పెట్టెను కొని తెచ్చి అతికించుకొన్నను తప్పు లేదు. కాని ఇందు ఇంటి బల్లకును కర్మాగారమునకును అంతరము చాలవరకు తగ్గుచున్నది. ఖర్చును తగ్గుచున్నది.

కావున మా అభిప్రాయమిది. ఈ క్రీడలో అడుగిడువాడు మొదటి గ్లైడరును కర్రతో కట్టుకొనవలెను. పెద్ద పోటీలకు పోవునాడు, ఇతరులు వాడిన పాతదైనను సరే, అచ్చు గ్లైడరును కొనుటకు సిగ్గుపడనక్కరలేదు. పోటీలు జరుపు సంఘములు పెద్ద తరగతి ప్రక్కనే కర్ర తరగతిని గూడ తప్పక జరుపవలెను. అప్పుడు పైకము లేని పిల్లవాడు సైతము సొంత రెక్కలతో మైదానమునకు రాగలడు. గాలి ఎక్కడ లేచుచున్నదో అతడు కనిపెట్టినచో, రెండువేల యూరోల గ్లైడరు పట్టుకొని వచ్చినవాడును తలయెత్తి అతని గ్లైడరు వైపే చూడవలసివచ్చును.