ఉక్కు నగరంలో ఆకు విస్తరి

(ప్రసంగ పాఠం)



విందు వేళ అన్నం వడ్డించే ఆకును తెలుగువారు విస్తరి అంటారు. హిందీ ప్రాంతాలలో అదే పత్తల్. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పతరీ. పులుసుకూ పాయసానికీ ఉంచే ఆకుగిన్నె తెలుగులో దొన్నె, హిందీలో దోనా. భాషలు వేరైనా వస్తువు ఒక్కటే. మాటలు సైతం తోబుట్టువుల వలె ఉన్నవి. ఈ రెండు భాషలూ పక్కపక్కన వినిపించే ఒక చోటును ఆధారం చేసుకొని, ఆ పాత వస్తువుకు నేడు ఏర్పడిన కొత్త ప్రాముఖ్యాన్ని పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం. ఆ చోటు భిలాయి నగరంలోని సుపేలా.

కొలిమి చుట్టూ చేరిన భారతం

భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణానికి భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దల్లీ-రాజహరా గనుల ఇనుప రాయి ఇక్కడ కరిగి, రైలు పట్టాలుగా మారి దేశమంతటికీ వెళ్ళుతున్నది. ఆ పనికి అన్ని రాష్ట్రాల నుండి జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు వారిలో అనేకం. వారి మనుమల తరం ఇంటిలో తెలుగు, బడిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరిగినది.

సుపేలా టౌన్‌షిప్ సెక్టర్ల వలె గీత గీసి కట్టినది కాదు. జాతీయ రహదారిని ఆనుకొని, అంగళ్ళతో, ఆదివారపు సంతతో కిటకిటలాడే పేట. పెండ్లి సరుకులకూ, పూజా సామగ్రికీ, కూరగాయలకూ చుట్టుపట్ల వారు ఇక్కడికే వస్తారు. కనుక ఒక విందు అనంతరం ఏమి మిగులుతుందో, అది ఎక్కడికి పోతుందో తెలుసుకొనడానికి ఇటువంటి పేట తగిన చోటు.

ఒకే తీగ, మూడు పేర్లు

ఉత్తరాంధ్ర నుండి భిలాయికి వచ్చినవారికి అడ్డాకు కొత్తది కాదు. పాడేరు, పార్వతీపురం, సీతంపేట మన్యాలలో పెద్ద చెట్లను అల్లుకొని పైకి పాకే అడ్డతీగ ఆకు అది. గోదావరి మన్యంలోని అడ్డతీగల అనే ఊరి పేరులోనే ఆ తీగ వినిపిస్తుంది. రెండు రేకులుగా చీలి, ఒంటె గిట్టను తలపించే ఈ ఆకు జానెడుకు మించి పెరుగుతుంది. వృక్షశాస్త్రం దీనిని బౌహీనియా వాహ్లీ అంటున్నది. ఇదే తీగను ఒడిశాలో సియాళి అనీ, ఛత్తీస్‌గఢ్‌లో మాహుల్ అనీ పిలుస్తారు. రాష్ట్రాల సరిహద్దులు పటం మీద ఉన్నవి. తూర్పు కనుమల నుండి బస్తరు వరకు తీగకు అవి తెలియవు.

ఛత్తీస్‌గఢ్‌లో సాలవృక్షపు ఆకు కూడ విస్తరికి వాడుక. స్థానికులు దానిని సరయీ అంటారు. అది ఆ రాష్ట్ర వృక్షం. బస్తరును సాలవనాల ద్వీపమని వర్ణించడం పరిపాటి. తెలంగాణ పల్లెలకు బాగా పరిచితమైన మోదుగను ఇక్కడ పర్సా అంటారు.

ఆకు అన్నం బరువును, పులుసు తడిని ఎట్లు ఓర్చుకొంటుంది? ఆకు ఈనెలలో సెల్యులోజ్ అనే పీచు ఉన్నది. దానిని లిగ్నిన్ అనే పదార్థం గట్టిగా పట్టి ఉంచుతుంది. పైన మైనపు పొర నీటిని జారవిడుస్తుంది. కర్మాగారాలు ప్లాస్టిక్కు పూత పూసి సాధించే పనిని ఆకు తనంతట తాను చేసుకొన్నది. పైగా, మట్టిలోని సూక్ష్మజీవులకు ఈ పీచును విడగొట్టే శక్తి అనాదిగా ఉన్నది. థర్మోకోల్‌ను, అనగా పెట్రోలియం నుండి తీసిన పాలీస్టైరీన్ నురుగును, విడగొట్టే శక్తి ప్రకృతిలో దాదాపు లేదు. అది ముక్కలై, ఆ ముక్కలు మరింత చిన్నవై, కాలువలలోనూ పశువుల కడుపులలోనూ చేరుతుంది.

ఆకు బొమ్మ ఆకు కాదు

ఒకనాడు వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టిన చేతులకు థర్మోకోల్ పళ్ళెం వచ్చిన తరువాత పని తగ్గినది. చౌకగా, తెల్లగా, తేలికగా ఉన్న వస్తువు ముందు ఆకు నాటుగా కనిపించినది. ఆ చౌకదనంలో మురుగు కాలువలు పూడిక తీసే ఖర్చును ఎవరూ కలుపలేదు.

2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలను సవరించినది. ఆ సవరణ ప్రకారం 2022 జులై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళెములు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాల తయారీ, అమ్మకం, వినియోగం దేశమంతటా నిషిద్ధమైనవి. థర్మోకోల్ పళ్ళెములు కూడ ఇందులో చేరినవి. విస్తరికి మరల అంగడిలో చోటు దొరకవలసిన సమయం ఇది.

అయితే ఆ చోటును ఆక్రమించడానికి మరొక వస్తువు సిద్ధంగా ఉన్నది. అది ప్లాస్టిక్ పొర అంటించిన కాగితపు పళ్ళెం. దాని మీద అరటి ఆకు బొమ్మ అచ్చు వేస్తారు; దొన్నె లోపల వెండి రంగు రేకు మెరుస్తుంది. పేరుకు కాగితం, చూపుకు ఆకు. మట్టిలో వేస్తే కాగితం కరిగిపోయి పొర మిగులుతుంది. కాగితపు టీ కప్పు సంగతి కూడ ఇదే. 2020లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో చేరుతున్నవని తెలిపారు.

హిందీలో ఒక నానుడి ఉన్నది: ఢాక్ కే తీన్ పాత్. ఢాక్ అనగా మోదుగ. ఎంత పెరిగినా దాని తొడిమకు మూడు ఆకులే. ఎన్ని చేసినా స్థితి మారలేదని దాని భావం. థర్మోకోల్‌ను వెళ్ళగొట్టి, కాగితపు చాటున ప్లాస్టిక్కును ఇంటికి పిలుచుకొంటే జరిగేది అదే.

మోసాన్ని కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కరలేదు. పళ్ళెం ముక్కను చించి ఒక రాత్రి నీటిలో నానబెట్టాలి. ఉదయం చేతితో నలిపితే కాగితం గుజ్జుగా విడిపోయి, పలుచని పొర వేరుగా ఊడి వస్తే అది ప్లాస్టిక్. ఏ పాఠశాలలోనైనా విద్యార్థులు చేయగల పరీక్ష ఇది.

పిప్పి నుండి పళ్ళెం

అడవి ఆకు ఒక్కటే దేశానికంతటికీ చాలదు. పొలంలో మిగిలే పీచు కూడ ఇందుకు పనికివస్తుంది. చెరకు గానుగ ఆడిన తరువాత మిగిలే పిప్పిని గుజ్జు చేసి, అచ్చులలో పోసి, వేడితో అదిమితే గట్టి పళ్ళెములు తయారవుతవి. చక్కెర మిల్లులు ఆ పిప్పిని చాల కాలంగా తమ బాయిలర్లలోనే వంటచెరకుగా కాల్చుకొంటున్నవి. పోకచెట్టు ఆకు తొడుగును వేడి అచ్చులో అదిమి పళ్ళెములు చేసే పరిశ్రమ కర్ణాటకలో విస్తరించినది. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు. అక్కడ వరిగడ్డి అపారం. గడ్డిలో ఇసుక వంటి సిలికా అధికం కావడం వలన గుజ్జు తీయడం చెరకు పిప్పి కంటె కష్టం. ఆ కష్టాన్ని జయించడం రసాయనశాస్త్రం చదివే యువకులకు తగిన కార్యం.

ఇక్కడ కూడ జాగ్రత్త అవసరం. నూనె పీల్చకుండ ఉండడానికి కొందరు తయారీదారులు పీచు పళ్ళెములలో ఫ్లోరిన్ సమ్మేళనాలను కలిపేవారు. అవి ప్రకృతిలో నశించని రసాయనాలు. అమెరికాలో ఆహారపు కాగితాలకు వాటి అమ్మకం ఆగిపోయినదని 2024 ఫిబ్రవరిలో ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థ ప్రకటించినది. కనుక పీచుతో చేసినది అన్న ఒక్క మాటతో తృప్తి పడరాదు. అందులో ఇంకేమి కలిసినదో అడగాలి.

ఎంగిలి ఆకు ఎరువు కావాలంటే

ఆకు విస్తరిని చెత్త గుట్టలో పూడ్చితే మేలు సగమే. గాలి తగలని చోట కుళ్ళిన ఆకు నుండి మీథేన్ పుడుతుంది. భూతాపాన్ని పెంచడంలో అది బొగ్గుపులుసు గాలి కంటె ఎన్నో రెట్లు బలమైనది. గాలి ఆడే గుంటలో వేస్తే కథ మారుతుంది. ఆకులో కార్బన్ హెచ్చు, మిగిలిన అన్నం కూరలలో నత్రజని హెచ్చు. ఒక పాలు నత్రజనికి 25 నుండి 30 పాళ్ళ కార్బన్ ఉంటే ఎరువు చక్కగా తయారవుతుంది. ఆకులను చించి, ఎంగిలి మెతుకులతోను మట్టితోను పొరలుగా వేసి, తడి ఆరకుండ చూస్తూ అప్పుడప్పుడు తిరగవేస్తే కొన్ని నెలలలో నల్లని ఎరువు చేతికి వస్తుంది. ఒక్క ప్లాస్టిక్ చెంచా కలిసినా ఏరివేసే శ్రమ మొదలవుతుంది. కనుక విందు ముగిసిన చోటనే వేరు చేయడం ముఖ్యం.

ఉక్కు నగరంలో ఉక్కు పళ్ళెం ప్రసక్తి రాకుండ ఉండదు. నీరు, కడిగే మనుషులు ఉన్న చోట, నిత్యం భోజనం జరిగే హాస్టళ్ళలో, క్యాంటీన్లలో, వందల సార్లు వాడే స్టీలు కంచమే ఉత్తమం. నీటి ఎద్దడి ఉన్న వేసవి పెండ్లికి, ఊరి జాతరకు, అన్నదానానికి విస్తరి తగినది. ఏది ఎక్కడ అన్న వివేకం ఉంటే రెండింటికీ చోటున్నది.

ఆకు వెనుక చేతులు

చివరకు ఈ విషయం అడవి అంచున కూర్చొని ఆకులు కుట్టే స్త్రీల వద్దకు చేరుతుంది. తెల్లవారక ముందే అడవికి పోయి, తీగ చావకుండ ముదురు ఆకులను మాత్రమే కోసి, మోసుకొని వచ్చి, ఎండబెట్టి, కట్టలు కట్టే పని వారిది. తొందరపడి తీగనే నరికితే మరుసటి ఏడు ఆకు ఉండదని వారికి తెలుసు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కలప కాని వనోత్పత్తుల మీద వనవాసులకు యాజమాన్య హక్కును గుర్తించినది. ఆంధ్రలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, ఛత్తీస్‌గఢ్‌లో రాష్ట్ర లఘు వనోపజ సహకార సంఘం వనోత్పత్తుల కొనుగోలుకు ఉన్నవి. అయినను హక్కు కాగితం మీదనే ఉండి, ఆకు కట్ట దళారి చెప్పిన ధరకే పోతే, పట్టణాల పర్యావరణ ప్రీతికి అడవి బిడ్డ మూల్యం చెల్లించినట్లవుతుంది. చౌక ధర కోసం బేరమాడే ముందు సంతలోని కొనుగోలుదారు ఈ సంగతి తలచుకొనాలి.

అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందనీ, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందనీ తెలుగు సామెత. సుపేలా సంత ముగిసిన సాయంకాలం గాలికి ఎగిరేవి వెండి రేకు దొన్నెలే కాని, తడిసి బరువెక్కిన ఆకు దొన్నెలు కావు. వాటిని ఆవు తింటుంది, మిగిలినది మట్టి తింటుంది. శ్రీకాకుళం అవ్వకు అడ్డాకుగా, బస్తరు తల్లికి మాహుల్‌గా తెలిసిన ఆ ఆకు, ఒకే పంక్తిలో కూర్చున్న వేర్వేరు భాషల వారికి ఒకే విధంగా అన్నం పెట్టగలదు. తరువాతి విందుకు సరుకుల పట్టీ రాసేటప్పుడు, పళ్ళెముల ఎదుట ఏ పేరు రాయాలో నిర్ణయించవలసినది ఆ ఇంటివారే.