వెలుగు తాకిన మందు



హైదరాబాదునందలి జూబిలీ హిల్సు, ఫిలింనగరుల పేరు విననివారు తెలుగు పల్లెలలో అరుదు. అచ్చటి స్టూడియోలలో చాలకాలము వెండి లవణములు పూసిన ఫిల్ముపైననే చిత్రములు తీయబడినవి. చీకటిలో నున్నంతవరకు ఆ ఫిల్ము మార్పు చెందదు. వెలుగు తాకినచోటనే మారును. వెలుగెంత, ఎంతసేపు అనునది ఛాయాగ్రాహకుడు కొలిచి నిర్ణయించును. కొలత తప్పిన బొమ్మ చెడును.

ఇట్టి సూత్రముతోనే పనిచేయు చికిత్స యొకటి వైద్యమునందు గలదు. మైకోసిస్ ఫంగాయిడిస్ అనునది అరుదైన దీర్ఘకాలిక చర్మవ్యాధి. 1806లో ఫ్రెంచి వైద్యుడు అలిబేరు దీనిని వర్ణించెను. ముదిరిన గడ్డలు పుట్టగొడుగులవలె నుండుటచే ఆ పేరు వచ్చినదే కాని, ఇది బూజువలన కలుగునది కాదు. టి-కణములను తెల్లరక్తకణములు చర్మమున జేరి అదుపు తప్పి పెరుగుటయే దీని మూలము. ఇది యొక విధమగు క్యాన్సరు, అంటువ్యాధి కాదు. మొదట నడుము, తొడలు మొదలగు ఎండ సోకని తావులలో పొలుసుల మచ్చలు పుట్టును. తామర యని తలచి ఏండ్లు గడుపువారు కలరు.

రోగి మెథాక్సాలెన్ అను మందు మ్రింగిన సుమారు 2 గంటలకు అతినీలలోహిత కిరణములను చర్మముపై ప్రసరింపజేయుదురు. మందును వెలుగును కలిసినచోట కణముల పెరుగుదల ఆగును. ఈ వ్యాధికి ఇది పనిచేయునని 1976లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. చికిత్స జరిగిననాడు రోగి నల్లకళ్లద్దములు ధరించి ఎండకు దూరముగా నుండవలెను. 2022లో ప్రకటితమైన పరిశోధనలో హైపెరిసిన్ లేపనము కంటికి కనబడు వెలుగుతోనే 6 వారములలో నూటికి 16 మందికి మచ్చల తీవ్రతను సగమైనను తగ్గించెను. మందులేని లేపనముతో నూటికి నలుగురికే తగ్గెను.

మెథాక్సాలెన్ జాతి పదార్థమే బావంచి గింజలలో కలదు. బొల్లికి వాటిని వాడుట ప్రాచీనము. కాని ఇంటివద్ద గింజలు నూరి పూసుకొని ఎండలో కూర్చుండుట ప్రమాదకరము. కొలతలేని వెలుగు చర్మమును కాల్చి బొబ్బలెత్తించును.

కావున తామరమందుకు లొంగక నెలలతరబడి నిలిచిన మచ్చను సిగ్గుపడి దాచరాదు. చర్మవైద్యునికి చూపవలెను, ఆయన కోరినచో చిన్న చర్మపు ముక్కను పరీక్షకీయవలెను. ఒకమారు తేలనిచో మరల పరీక్ష అవసరము కావచ్చును. తొలిదశలో గుర్తింపబడినవారిలో పెక్కుమంది దీర్ఘకాలము జీవించుచున్నారు. చీకటిలో దాచిన ఫిల్ముపై బొమ్మ పడదు; చీరచెరగు మాటున దాచిన మచ్చకు చికిత్సయు అందదు.