చలికోర్వలేనివారు, పడకసంచి



రాబోవు వేసవిలో కేదారనాథయాత్రకు పోదలచిన మా కలువాయి ప్రాంతపువారు కొందరు మొన్న నాయొద్దకు వచ్చి, "అక్కడ రాత్రిపూట పండుకొనుటకు ఏమి కొనిపోవలెను?" అని యడిగిరి. ఈ విషయమున ఉత్తరము చెప్పుటకు నాకొక యర్హత కలదు. ఒకసారి తప్పు కొని, దాని ఫలము ననుభవించితిని.

మనది ఎండలసీమ. వెలిగొండల చెంతనున్న పల్లెలలో ధనుర్మాసపు తెల్లవారుజామున చలి వేయును గాని, దుప్పటి కప్పుకొని నెగడు ముందు కూర్చున్నచో అది తీరిపోవును. ఇన్ని గొర్రెలున్న సీమలో కంబళ్లకేమి కొరత యని పరాయివా రనుకొనవచ్చును. నెల్లూరు గొర్రెలో పల్ల, జోడిపి, దొర యని మూడు తెగలు గలవు. ఎత్తునందు భారతదేశపు గొర్రెలలో దానిదే మొదటి స్థానము. కాని దాని యొంటిమీద నున్నవి పొట్టివెండ్రుకలే. చిన్నతనమున మా చేనిలో మంద కట్టిన కాపరి నీ సంగతి యడుగగా, "అబ్బాయా, మన గొర్రెకు బొచ్చు యాడుంది? గొంగళి కావాలంటే పైసీమనించి రావాల్సిందే" అనెను. దక్కను నల్లగొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగళి వానిది. అది చినుకునకు త్వరగా తడియదు. నిప్పురవ్వ పడినను భగ్గుమనదు. బరువు మాత్రము మోసినవానికే తెలియును.

కొన్ని యేండ్ల క్రిందట నేనును నా భార్యయు కేదారనాథము పోయితిమి. ఆ క్షేత్రము సముద్రమట్టమునకు సుమారు 3,580 మీటర్ల ఎత్తున నున్నది. గొంగళి మోయలేమని, ఒక పట్టణపు దుకాణమున స్లీపింగుబ్యాగు లనబడు పడకసంచులు రెండు కొంటిని. పైన పెద్ద యక్షరములతో "మైనస్ 5" అని యుండెను. మే మాసమున అంతకు మించిన చలి యుండదని లెక్క వేసికొంటిని. దుకాణదారుడు అబద్ధ మాడలేదు; నేనే యడుగవలసినది యడుగలేదు.

ఆ రాత్రి గుడారములో నాకు నిద్ర పట్టినది. అర్ధరాత్రి వేళ ఆమె నన్ను తట్టి, "ఏమండీ, కాళ్లు నావి కానట్టుగా ఉన్నాయి" అన్నది. తొలుత మిక్కిలి వణకినది. పిమ్మట వణకు తగ్గి, మాట ముద్దగా రాసాగినది. నేను దానిని నిద్రమత్తనుకొంటిని. ప్రక్క గుడారమునందలి కొండవాడొకడు వచ్చి చూచి, ఇది నిద్ర కాదని నన్ను గద్దించెను. పొడిబట్టలు కట్టించి, నన్ను ఆమె కానుకొని కూర్చుండు మని చెప్పి, గ్రుక్క మ్రింగగలదని చూచుకొని తియ్యని వేడి టీ కొంచెము కొంచెముగా త్రాగించెను. వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి రొమ్మునకు ఆనించెను. తెల్లవారగనే వైద్యునకు చూపితిమి. ఆమె తేరుకొన్నది. వణకు ఆగినది కదా యని సంతోషింపకుడు. శరీరము తన వేడిని తాను పుట్టించుకొను శక్తి కోల్పోవుచున్నదనుటకు అది గుర్తు కావచ్చును. ఎత్తుప్రదేశములలో వచ్చు జబ్బునకు గూడ ఇట్టి మాంద్యము కలదు, గావున వైద్యుని చూపుట తప్పదు.

ఒకే విధపు సంచి, ఒకే గుడారము. నాకు పట్టిన నిద్ర ఆమెకేల పట్టలేదు? సంచి వేడిని పుట్టింపదు. మన దేహము పుట్టించిన వేడిని పోనీయక పట్టియుంచును. పోగుల నడుమ చిక్కుకొన్న గాలియే ఆ పని చేయును. దేహము పుట్టించునదే తక్కువైనచో సంచి దేనిని పట్టియుంచును? బక్కపలుచనివారు, వయసు మీరినవారు, రక్తము తక్కువైనవారు, థైరాయిడు లోపము గలవారు ఈ కోవలోనివారు. ఆకలితో పండుకొన్నవారును అంతే. ఆమె ఆ రాత్రి అలసటచే రెండు ముద్దలైనను తినలేదు.

ఇక ఆ యంకె సంగతి. వేడిచేసిన మనిషిబొమ్మను సంచిలో పరుండబెట్టి, ఎంత వేడి పోవుచున్నదో కొలిచి, అంకెలు కట్టు పద్ధతిని యూరోపువారు 2002లో ప్రమాణముగా నేర్పరచిరి. 2016లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. దాని ప్రకారము మూడంకెలుండును. మొదటిది సుఖపుటంకె, సామాన్యస్త్రీ హాయిగా నిద్రింపగల చలి. రెండవది, సామాన్యపురుషుడు ముడుచుకొని పడుకొని యెట్లో గడుపగల చలి. మూడవది ప్రాణము దక్కుట కేర్పడిన హద్దు. దానిని చూచి సంచి కొనుట వెఱ్ఱి. నా సంచిపైనున్న పెద్ద యంకె రెండవది. సుఖపుటంకె లోపల చిన్న చీటీమీద, సున్నకు ఒక డిగ్రీ పైన నుండెను. ఆ రాత్రి చలి సున్నకు దిగువకు పోయినది. చలికోర్వలేనివారు మొదటి యంకెనే చూడవలెను. అదియు అక్కడ నుండబోవు చలికంటె అయిదు డిగ్రీలు దిగువగా నుండునట్లు చూచి కొనవలెను.

లోపలి కూరుపు రెండు విధములు. బాతుల మెత్తని నూగు మిక్కిలి తేలిక. కాని తడిసినచో ముద్దకట్టి పనికిరాకుండ పోవును. రెండవది పాలియెస్టరు పోగు. ఈ పాలియెస్టరు నూలును 1941లో ఇంగ్లండునందు విన్‌ఫీల్డు, డిక్సను అనువారు కనిపెట్టిరి. దీనితో కూరిన సంచి కొంత బరువైనను, చెమ్మ తగిలినను కొంత వేడి నిలుపును, త్వరగా ఆరును, వెల తక్కువ. పక్షిరెక్కల సొమ్ము ముట్టనొల్లని ఆచారవంతులకు ఆ చిక్కును లేదు. తేలికయని మురిసి కిలోకు లోపు తూగు పాలియెస్టరు సంచి కొనకుడు. సున్నడిగ్రీల చలిలో సుఖమిచ్చునవి వానిలో అరుదు. అరకిలో మోయుటకు వెరచి ఆ రాత్రిని కొనితెచ్చుకొంటిని.

నా రెండవ తప్పు నేల. శరీరము క్రింద సంచి నలిగిపోవును. నలిగినచోట గాలి లేదు, గాలి లేనిచోట వేడి నిలువదు. మేము పలుచని ప్లాస్టిక్కు పట్టా పరచితిమి. నురుగుచాప యొకటి యున్నచో సగము బాధ తప్పియుండెడిది.

దుకాణములోనే చెప్పులు విప్పి సంచిలో పండుకొని చూడుడు; సిగ్గు పడ పనిలేదు. మరీ వెడల్పైనచో లోపలి గాలిని వేడిచేయుటకే దేహము శ్రమపడును; మరీ బిగువైనచో కూరుపు నలుగును. మెడచుట్టు పట్టీ, తలకు టోపీ, జిప్పు వెంబడి లోపలివైపున మడత యుండవలెను. రాత్రి రెండుమూడుసారులు లేవవలసిన మనబోంట్లకు జిప్పు సులభముగా తెరచుకొనుట ముఖ్యము. ముక్కు నోరు లోపల దాచుకొనకుడు. ఊపిరి చెమ్మ కూరుపునకు పట్టును. ఇంటికి వచ్చిన పిమ్మట సంచిని కుక్కి అటకమీద వేయక, వదులుగా వ్రేలాడదీయుడు.

ఉష్ణసీమవారికి మంచుకొండలు తగవని నా యభిప్రాయము కాదు. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారు 2014 మే 25న ఎవరెస్టు శిఖర మెక్కిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లైనను నిండలేదు. వారు నెలలకొలది శిక్షణ పొందినవారు. మనమో, రైలు దిగిన మూడవనాడే గుడారమున పండుకొనువారము.

మరుసటి యేట ఆమెయే పట్టుబట్టగా బదరికి పోయితిమి. ఈసారి చీటీ చదివి కొన్న సంచి, క్రింద నురుగుచాప, పడుకొనుటకు ముందు వేడియన్నము. తెల్లవారిన తరువాత నేనే లేపవలసివచ్చినది.

పాతసంచిని మా నిమ్మతోట కావలివాని కిచ్చితిని. మొదటినాడే అతడు దానిని కప్పుకొని నెగడు ప్రక్కన కూర్చుండగా చూచి, గుండె గుభేలుమన్నది. పాలియెస్టరు సుమారు 250 డిగ్రీల వేడికి కరగి చర్మమున కంటుకొనును. పట్టణమునుండి బిడ్డలు పంపిన ఇట్టి సంచులు మన చేలలో, మందలలో ఇప్పుడు కనబడుచున్నవి. ఇచ్చునప్పుడు ఈ మాట తప్పక చెప్పుడు. అతనికి చెప్పితిని. "అట్టయితే నెగడుకాడ మా నాయన గొంగళి, గుడిసెలో మీ సంచి" అనెను. నేటికిని అట్లే చేయుచున్నాడు.