ఇంటిల్లిపాదితో బెంగుళూరు



నేను ఆలూరివాడను. మన ఆలూరు 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ వరకు బళ్లారి జిల్లాలో నుండెను. ఆ దినమున ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరినవి; బళ్లారి మైసూరునకు పోయినది. జిల్లా మారినను మన కాళ్లు పాతత్రోవను మరువలేదు. పత్తియు బుడ్డలును అమ్ముటకు ఆదవాని, పెండ్లిబట్టలకు బళ్లారి, వాన తప్పిన యేట పని వెదకికొనుటకు బెంగుళూరు. మన పల్లెలనుండి ఎందరు పిల్లలు గుంతకల్లులో రైలెక్కి ఆ నగరమున కట్టడపు పనులలో కుదిరినారో తమ రెరుగుదురు. వారిని, వారి బిడ్డలను చూచుటకు ముసలివారము మనమును ఇప్పుడు పోవలసివచ్చుచున్నది. పోయినవారము ఏమి చూడవలెను, ఎక్కడ తినవలెను, చిన్నవారితోను ముదుసలులతోను ఎట్లు తిరుగవలెను అను విషయమై నాకు తెలిసినంత మనవి చేసెదను.

ఇది నాకు తెలిసినది ఒక తప్పు చేసిన పిమ్మటనే. 1978వ సంవత్సరమున మా నాయనను బెంగుళూరు తీసికొనిపోయితిని. నాకప్పుడు పడుచుతనము. ఒక్క దినములో నగరమంతయు చూపవలెనని పట్టుపట్టి, ఈ బస్సు దిగి ఆ బస్సెక్కి, పదిచోట్లకు త్రిప్పితిని. మధ్యాహ్నము ఒక భోజనశాలకు పోయితిమి. అక్కడ బల్ల ఖాళీ కావలెనన్న, తినుచున్నవాని కుర్చీవెనుక నిలబడి కాచుకొనవలెను. ఎదుటివాడు తినుచుండగా చూడరాదని మన యిండ్లలో పసిబిడ్డలకు కూడ చెప్పుదుము గదా. మా నాయన తలపాగ తీసి చేత పట్టుకొని, పరాయివాని విస్తరి చూచుచు రెండు నిమిషములు నిలిచి, సైపజాలక వెలుపలికి వచ్చివేసెను. ఎంత బ్రతిమాలినను మరల లోనికి రాలేదు. ఆ సాయంకాలము రైలుకొట్టమున నేలమీద కూర్చుండి, ఇంటినుండి మూటగట్టి తెచ్చిన జొన్నరొట్టెను బుడ్డలకారముతో నమలుచు, “ఊరంతయు చూపితివి నాయనా, కూర్చుండ చోటు మాత్రము చూపవైతివి” అనెను. కోపముతో అన్నమాట కాదు. మరల ఆయనను తీసికొనిపోవు అవకాశము నాకు చిక్కలేదు.

మొన్నటి కార్తీకమాసమున నా భార్యతోను, ఆరుగురు మనుమలు మనుమరాండ్రతోను అదే నగరమున తిరిగితిని. మా కాపురమునకు నలువదియైదేండ్లు నిండినవి. ఈ నలువదియైదేండ్లలో ఆమె చూచినది మంత్రాలయము, ఉరుకుంద ఈరన్నస్వామి గుడి, ఆదవాని అంగళ్లు. కనుక ఈ తడవ ముందే ఒక కట్టడి చేసికొంటిని. దినమునకు రెండే చోట్లు. ఆ రెండును ఒకదానికొకటి దగ్గర నుండవలెను. నడుమ నీడయు, నీరును, కూర్చుండ అరుగును ఉండవలెను.

మొదటి దినము ఆదివారము. లాల్‌బాగ్ తోటకు పోయితిమి. పెద్ద రైలుస్టేషను ప్రక్కనే మెట్రోరైలు కలదు. పచ్చగీత మార్గమున దక్షిణముగా పోయిన నాలుగవ స్టేషను లాల్‌బాగే. కదలుచుండు మెట్లను చూచి ముసలివారు బెదరుదురు. బెదరవలసిన పనిలేదు, ప్రక్కన పెట్టెవంటి లిఫ్టు ఉండును, అడిగిన చూపుదురు.

ఈ తోటను 1760వ సంవత్సరమున హైదరాలీ మొదలుపెట్టించెను. ఆయన కుమారుడు టిప్పు పెంచెను. ఇప్పుడది 240 ఎకరములు. నడుమ నున్న అద్దాలమేడకు 1889లో పునాది వేసిరి. ఏటేట జనవరిలోను, ఆగస్టులోను అందులో పూలప్రదర్శనము జరుగును. ఆ దినములలో జనము కిక్కిరిసియుందురు గనుక పసిబిడ్డలున్నవారు పోకుండుటే మేలని నా తలంపు. పూలులేని దినముననే చెట్లను తీరికగా చూడవచ్చును. తోటలోనే ఒక బండగుట్ట కలదు. దాని వయస్సు 300 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. బండలు చూచి చూచి విసిగిన సీమవారము మనము. అయినను ఆ లెక్క విన్న తరువాత నా భార్య చెప్పులు విడిచి దానిపై కూర్చుండినది. పిల్లలు జారుచు ఎక్కుచు ఒక జాము గడపిరి. వారిని చూచుచు మేము కూర్చుంటిమి. అంతకన్న మించి మేము చేసినది లేదు.

తోటకు దగ్గరలోనే మావళ్లి టిఫిన్ రూమ్స్ అను ఫలహారశాల కలదు. 1924వ సంవత్సరమున ఉడుపి ప్రాంతపు సోదరులు దీనిని స్థాపించిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము దొరకక, బొంబాయి రవ్వతో ఇడ్లీ చేసి చూచితిమనియు, రవ్వ ఇడ్లీ అట్లు పుట్టినదనియు వారు చెప్పుదురు. వరి యెరుగక జొన్నలతోను కొర్రలతోను తరములు గడపిన మనకు ఈ కథ బాగుగనే అర్థమగును. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు ప్రభుత్వము ఫలహారముల ధరలు మరీ తగ్గించుటచే శాల నడుపలేక, పిండ్లు కలిపి పొట్లములు గట్టి అమ్మసాగిరి. ఆ పొట్లములే నేడు మన ఆలూరి అంగళ్లలో కూడ దొరకుచున్నవి. అక్కడ ఎప్పుడును జనము ఎక్కువ. అందుచేత తెల్లవారగనే ముందు ఫలహారము, తరువాత తోట అని పెట్టుకొంటిమి. నేతితో తిన్న ఆ ఇడ్లీని నా భార్య మెచ్చుకొన్నది. సాంబారును మాత్రము మెచ్చలేదు. అందులో బెల్లము వేసినారని దానిని ప్రక్కకు నెట్టి, “వీరికి మిరపకాయ యెవరును చూపలేదా?” అని అడిగినది.

బెంగుళూరిలో వీథివీథికి ‘దర్శిని’ అనబడు ఫలహారశాలలు కలవు. శుభ్రముగా నుండును, వెల తక్కువ, క్షణములో పెట్టుదురు. కాని అచట నిలబడి తినవలెను. పడుచువారికి అవి చాలును. మోకాళ్లనొప్పులవారు లోనికి పోవకముందే కుర్చీలున్నవా అని చూచుకొనవలెను. మాంసము తినువారికి ‘మిలిటరీ హోటలు’ అను పేరుగల భోజనశాలలున్నవి. పేరు చూచి జంకవలదు. అక్కడ పెట్టునది మన రాగిసంగటియే. దానిని వారు ముద్దె అందురు. పట్నమున నాలుగు దినములు మైదాపిండి తిని కడుపు చెడిన పల్లెవానికి ఆ ముద్దను చూచిన ప్రాణము లేచివచ్చును.

కబ్బన్ పార్కు ప్రక్కన విశ్వేశ్వరయ్యగారి పేర 1962లో తెరచిన యంత్రశాస్త్ర ప్రదర్శనశాల కలదు. బడికి పోవు పిల్లలకు అది తప్పక చూపదగినది. ఆ మహనీయుని ఇంటిపేరైన మోక్షగుండము 1970 వరకు మన కర్నూలు జిల్లాలోని గ్రామమే.

రెండవ దినము సోమవారము. నిజము చెప్పవలెనన్న, ఆ సోమవారము కొరకే నేను కార్తీకమాసమును ఎన్నుకొంటిని. బసవనగుడిలో కార్తీకపు కడపటి సోమవారమున ‘కడలెకాయి పరిషె’ జరుగును. కడలెకాయి యనగా మన బుడ్డలే, వేరుశనగకాయలు. అక్కడి బసవన్న ఒకే రాతిలో మలచిన విగ్రహము, 15 అడుగుల ఎత్తు, 20 అడుగుల పొడవు. కెంపెగౌడ 1537లో ఆ గుడి కట్టించెనందురు. పూర్వము ఆ చుట్టుపట్ల బుడ్డలచేలను రాత్రివేళ ఒక ఎద్దు మేసిపోవుచుండగా, రైతులు మ్రొక్కుకొని, ఏటేట తొలిపంట నీకే యిత్తుమని ఒడంబడిరని కథ. బుడ్డలు అమెరికా ఖండమునుండి వచ్చిన పంట గనుక ఈ కథ గుడికన్న చిన్నదై యుండవచ్చును. విగ్రహము పెరుగుచుండగా నెత్తిన త్రిశూలము నిలిపి ఆపిరని మరియొక కథ. మన యాగంటి బసవన్నయు పెరుగుచున్నాడు గదా; ఆయనను ఎవరును ఆపలేదు.

ముందుగా గాంధీబజారులోని విద్యార్థిభవనమున దోసెలు తింటిమి. విద్యార్థుల కొరకని 1943లో తెరచిన శాల యది. వడ్డించువాడు పండ్రెండు పళ్లెములను ఒక్కచేతిమీద పేర్చుకొని వచ్చుట చూచి పిల్లలు తినుట మరచిరి. పిదప గుడిత్రోవకు పోయితిమి. ఎటు చూచినను బుడ్డలరాసులు. పచ్చివి, వేయించినవి, ఉడుకబెట్టినవి. కర్ణాటకమునుండియే గాక తమిళదేశమునుండియు, మన సీమనుండియు తెచ్చి అమ్ముదురు. జనసమ్మర్దమున బిడ్డలు తప్పిపోకుండుటకు ఒక్కొక్కని జేబులో తండ్రి పేరు, ఫోను సంఖ్య వ్రాసిన కాగిత ముంచితిని. తప్పిపోయినచో ఎక్కడ నిలువవలెనో ముందే చోటు చూపితిని. ఆ కాగితముల అక్కర పడలేదు.

బెంగుళూరిలోనే పుట్టిన నా చిన్న మనుమడు ఒక రాసిని చూపి, “తాతా, ఇవి ఏ చెట్టుకు కాయును?” అని అడిగెను. నాకు వెంటనే నోట మాట రాలేదు. వానదేవుడు ముఖము చాటుచేసినందున ఆ యేడు మా చేనికి చేరినది మూడు మూటల పంట. అందులోనుండి రెండు దోసిళ్లు నా భార్య చిన్నసంచిలో పోసి తెచ్చియుండెను, నాకు కూడ చెప్పలేదు. ఆమె ఆ పిల్లవానిని ప్రక్కకు పిలిచి, తీగతోనే ఎండిన ఒక కొమ్మను సంచినుండి తీసి, వేళ్లదగ్గర వ్రేలాడు నాలుగు కాయలను చూపి, “ఇది నేలలోపల కాయునురా, మీ నాయన చిన్నప్పుడు పెరికిన చేనిలోనిది” అని చెప్పినది. తరువాత వానిచేతనే ఒక దోసిలి బసవన్న ముందు పోయించినది.

తిరిగి వచ్చునప్పుడు త్రోవప్రక్క అమ్ముచున్నవానిని ధర అడిగినది. వాడు తెలుగులోనే బదులు చెప్పెను. ఆదవాని ధరతో దానిని సరిచూచి, వానికి నాలుగు బుద్ధులు చెప్పి, కొనకనే వచ్చినది. ఆ రాత్రి రైలులో ఆమె మిగిలిన దోసెడు కాయలను కొంగున ముడివేసికొని నిద్రపోయినది. గుంతకల్లు వచ్చువరకు నేను కిటికీవద్ద కూర్చుంటిని.