కెనడాలో ఒక ఫ్రెంచి పటాలం



సైన్యంలో చేరినవాడికి అన్నిటికంటే ముందు అలవాటు కావలసింది ఆజ్ఞ వినడం. ఆ ఆజ్ఞ తనకు రాని భాషలో వస్తే అతను ఏం చేయాలి? మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా దేశపు ఫ్రెంచి ప్రజలకు ఎదురైన ప్రశ్న ఇది. దానికి జవాబుగా పుట్టిన 22వ కాల్బలం పటాలం గురించి ఈ రోజు చెప్పుకుందాం. ఇంట్లో ఒక భాష, కచేరీలో మరో భాష వాడే మన సరిహద్దు జిల్లాల వాళ్లకు ఈ కథ తేలిగ్గానే అర్థమవుతుంది.

1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించగానే, దాని సామ్రాజ్యంలో భాగమైన కెనడా కూడా యుద్ధంలోకి దిగింది. అక్కడ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఎక్కువ. కానీ క్యూబెక్ రాష్ట్రంలో అత్యధికులు ఫ్రెంచివాళ్లు. బ్రిటిషువాళ్లు ఆ నేలను గెలుచుకోక ముందు నుంచీ, అంటే పదిహేడో శతాబ్దం నుంచీ, అక్కడ సేద్యం చేసుకుంటూ వచ్చిన కుటుంబాలు వాళ్లవి. సైన్య వ్యవహారాల మంత్రి శామ్ హ్యూజ్ క్యూబెక్ నగరం దగ్గర వాల్కార్టియే శిబిరంలో మొదటి సైన్యాన్ని కూర్చాడు. అక్టోబరులో 30 వేల మందికి పైగా ఓడలెక్కారు. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది బ్రిటన్‌లో పుట్టి కెనడాకు వలస వచ్చినవాళ్లే. తమంత తాము చేరిన ఫ్రెంచి యువకులను మాత్రం ఇంగ్లీషు పటాలాల్లో తలా కొందరిని సర్దేశారు. ఫ్రెంచి పటాలం అంటూ ఒక్కటీ లేదు.

ఇది క్యూబెక్‌లో చాలామందికి కష్టం కలిగించింది. మాంట్రియల్‌లో ఆర్థర్ మిన్యో అనే వైద్యుడు ఉండేవాడు. మందుల వ్యాపారంలో బాగా గడించినవాడు. ఫ్రెంచి పటాలం ఏర్పాటు చేస్తే తాను 50 వేల డాలర్లు ఇస్తానని ప్రభుత్వానికి చెప్పాడు. అక్టోబరు 15న మాంట్రియల్‌లో జరిగిన పెద్ద బహిరంగ సభలో మాజీ ప్రధాని విల్ఫ్రిడ్ లోరియే స్వయంగా మాట్లాడాడు. ఆ నెలలోనే ప్రభుత్వం ఒప్పుకుంది. అలా 22వ పటాలం పుట్టింది. ఫ్రెంచిలో ఇరవై రెండు అనే అంకెను పలికే తీరు ఇంగ్లీషువాళ్ల నోట పడి 'వాన్ డూస్' అయింది. ఈనాటికీ దానికి అదే ముద్దుపేరు.

పటాలం లోపల మనుషుల మధ్య నడిచిన మాట ఫ్రెంచి. పైన బ్రిగేడు, డివిజన్లలో నడిచేది ఇంగ్లీషు. కాబట్టి అధికారులకు రెండు భాషలూ రావాలి. సిపాయికి మాత్రం తన భాష చాలు. పల్లెటూరి రైతు కొడుకైనా, మిల్లు కూలీ అయినా, తనకు ఏం చెబుతున్నారో తెలుసుకునే కందకంలోకి దిగేవాడు.

1915 మే నెలలో పటాలం ఓడెక్కి, ఇంగ్లండులో శిక్షణ పొంది, సెప్టెంబరులో ఫ్రాన్సు తీరం చేరింది. మరుసటి సంవత్సరం మొదట్లో థామస్ లూయీ త్రాంబ్లే దాని నాయకత్వం అందుకున్నాడు. వృత్తికి ఇంజనీరు. అప్పటికి ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు.

అసలు పరీక్ష 1916 సెప్టెంబరు 15న వచ్చింది. సోమ్ నది యుద్ధంలో యుద్ధ ట్యాంకులు మొట్టమొదటిసారి కనిపించిన రోజు అదే. ఆ సాయంత్రం కూర్సెలెట్ అనే గ్రామాన్ని పట్టుకునే పని 22వ పటాలానికీ, నోవా స్కోషియా నుంచి వచ్చిన 25వ పటాలానికీ అప్పగించారు. ఇది తమ మొదటి పెద్ద దాడి అనీ, ఫ్రాన్సులో తాము ఫ్రెంచి కెనడియన్లందరికీ ప్రతినిధులం గనుక వాళ్ల గౌరవం కోసం ఇది గెలిచి తీరాలనీ త్రాంబ్లే తన దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు. గ్రామం చిక్కింది. దాన్ని నిలబెట్టుకోవడానికి మూడు పగళ్లు, మూడు రాత్రులు పోరాడారు. జర్మన్లు పదికి పైగా ఎదురుదాడులు చేసినా పటాలం కదల్లేదు. కానీ అక్కడికి వెళ్లినవాళ్లలో వందల మంది చనిపోయారు, గాయపడ్డారు.

త్రాంబ్లే రాసుకున్న ఆ మాటలో గర్వంతో పాటు బరువూ ఉంది. పక్క పటాలం ఓడిపోతే ఒక పటాలం ఓడిపోయిందంటారు. 22వ పటాలం ఓడితే ఫ్రెంచివాళ్లు ఓడారంటారు. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల తప్పు ఎప్పుడూ ఒక్కడి తప్పుగా మిగలదు, అందరి లెక్కలోనూ పడుతుంది.

ఆ బరువు ఎక్కడిదాకా తీసుకుపోయిందో తర్వాతి నెలల్లో తెలిసింది. అనుభవమున్న సిపాయిలు కూర్సెలెట్‌లో, ఆ వెంటనే అక్టోబరులో రెజీనా కందకం దగ్గర పోయారు. వాళ్ల స్థానంలో శిక్షణ చాలని కొత్తవాళ్లు వచ్చారు. త్రాంబ్లే జబ్బుపడి కొన్ని నెలలు దూరంగా ఉన్నాడు. 1917 మొదట్లో తిరిగి వచ్చేసరికి పటాలంలో క్రమశిక్షణ సడలిపోయింది. చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. పటాలం పేరు నిలబెట్టాలని ఆయన కఠినంగా వ్యవహరించాడు. ఆ యుద్ధంలో కెనడా సైన్యం తన సొంత సిపాయిలు 25 మందిని కాల్చి చంపింది. వాళ్లలో ఐదుగురు ఈ ఒక్క పటాలం వాళ్లే. హత్యానేరం మీద కాక, పారిపోయారనో పిరికితనం చూపారనో శిక్షపడిన 23 మంది విషయంలో కెనడా ప్రభుత్వం 2001 డిసెంబరులో విచారం తెలిపింది. వాళ్ల పేర్లను కూడా అమరుల స్మారక గ్రంథంలో చేర్చింది. అప్పటికి ఎనభై ఏళ్లు దాటాయి.

ఇక స్వదేశంలో ఏం జరుగుతోందో చూద్దాం. ఒంటారియో రాష్ట్రం 1912లోనే 17వ నిబంధన తెచ్చి, బడుల్లో మొదటి రెండేళ్లు దాటాక ఫ్రెంచిలో బోధన లేకుండా చేసింది. మన పిల్లల బడిలో మన భాషను కాపాడుకోలేనప్పుడు యూరప్‌లో ఎవరి స్వేచ్ఛ కోసం పోరాడాలని హెన్రీ బురాసా వంటి నాయకులు అడిగారు. తమంత తాము చేరేవాళ్లు తగ్గిపోయారు. 1917లో బోర్డెన్ ప్రభుత్వం నిర్బంధ సైనిక సేవా చట్టం తెచ్చింది. ఆ డిసెంబరు ఎన్నికల్లో దాన్ని వ్యతిరేకించిన లోరియే పక్షానికి క్యూబెక్‌లోని 65 స్థానాల్లో 62 దక్కాయి. దేశం మొత్తం మీద మాత్రం బోర్డెనే గెలిచాడు. 1918 ఏప్రిల్ 1న క్యూబెక్ నగర వీధుల్లో, ఇంగ్లీషు రాష్ట్రాల నుంచి రప్పించిన దళాల కాల్పులకు నలుగురు పౌరులు చనిపోయారు.

అదే సంవత్సరం అదే భాష మాట్లాడే పటాలం ఫ్రాన్సులో పోరాడుతూనే ఉంది. జూన్‌లో జోసెఫ్ కేబల్ అనే కార్పొరల్, తన జట్టులో దాదాపు అందరూ నేలకొరిగాక, లూయిస్ తుపాకీ నడుముకు ఆనించి కందకం గట్టెక్కి, ఒళ్లంతా గాయాలైనా పడిపోయేదాకా కాలుస్తూనే ఉన్నాడు. ఆగస్టులో అమియాన్ దగ్గర జాన్ బ్రియాన్ అనే లెఫ్టినెంటు రెండు రోజుల్లో మూడుసార్లు గాయపడ్డా వెనక్కి పోలేదు. ఇద్దరికీ మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ నెలాఖరున షెరీసీ దగ్గర జరిగిన దాడిలో పటాలం అధికారులంతా చనిపోవడమో గాయపడడమో జరిగింది. అక్కడ కుడికాలు పోగొట్టుకున్న జార్జ్ వానియే అనే అధికారి 1959లో కెనడా గవర్నర్ జనరల్ అయ్యాడు. ఆ పదవికి వచ్చిన మొదటి ఫ్రెంచి కెనడియన్ ఆయనే.

యుద్ధం ముగిసి 1919లో పటాలం తిరిగివచ్చింది. మిగతా వాటితో పాటు దాన్నీ రద్దు చేశారు. కానీ ఫ్రెంచివాళ్లు ఊరుకోలేదు. ఫలితంగా 1920లో అది శాశ్వత సైన్యంలో రెజిమెంటుగా మళ్లీ ఏర్పడింది. మరుసటి ఏడు దానికి 'రాయల్' అనే బిరుదు వచ్చింది. 1928లో పేరును కూడా ఫ్రెంచిలోనే రాయడానికి అనుమతి దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 డిసెంబరులో, ఇటలీలోని కాసా బెరార్ది దగ్గర పాల్ త్రికే అనే కెప్టెన్ దానికి మరో విక్టోరియా క్రాస్ తెచ్చాడు.

ఇంత రక్తం చిందించినా ఒంటారియో బడుల్లో ఫ్రెంచి వెంటనే తిరిగి రాలేదు. 17వ నిబంధన అమలు ఆగింది 1927లో. దేశమంతటికీ రెండు అధికార భాషల చట్టం వచ్చింది 1969లో. యుద్ధభూమిలో చూపిన ధైర్యం బడిలో హక్కుగా మారడానికి అన్నేళ్లు పట్టింది. అయితే ఒక సంగతి మాత్రం 1914లో మొదలైన ఆ పటాలమే తేల్చేసింది. దేశం కోసం ప్రాణం ఇవ్వమని అడిగేటప్పుడు ఆ మాట అతని భాషలో అడగాలి. అలా అడిగితే వచ్చేవాడు కూలికి వచ్చినట్టు రాడు, ఇంటివాడిలా వస్తాడు.