లాప్‌టాప్‌కు జ్వరం వస్తే



వాడుతూ ఉండగానే వేడెక్కి, పని మధ్యలో హ్యాంగ్ అయిపోయే లాప్‌టాప్ గురించి ఈనాడు మాట్లాడుకుందాం. ఇది పట్నం వాళ్ళ సమస్య అని ఎవరూ అనుకోనక్కర లేదు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల్లో ఇంటికి ఒక్కటే లాప్‌టాప్ ఉన్న కుటుంబాలు ఎన్నో. అన్న దాని మీదే కాలేజీ ప్రాజెక్టు టైపు చేస్తాడు, చెల్లెలు దాని మీదే పాఠాలు వింటుంది, తండ్రి దాని మీదే బ్యాంకు కాగితాలు చూసుకుంటాడు. ప్రవేశాల దరఖాస్తుకు గడువు ముగిసే రాత్రి ఆ ఒక్కటీ బిగుసుకుపోతే, నష్టపోయేది యంత్రం కాదు, ఒక విద్యార్థి సంవత్సరం.

బడికి వచ్చే తల్లిదండ్రులు తరచు నన్ను అడిగే మాట ఒకటుంది. "గురుజీ, మా పిల్లగాని లాప్‌టాప్ పొయ్యి లెక్క కాలుతున్నది, కొత్తది కొనాల్నా?" అని. ఈ ప్రశ్నకు వెంటనే ఔననీ కాదనీ చెప్పడం తప్పు. ఒళ్ళు కాలడం రోగం కాదు, రోగానికి గుర్తు. డాక్టరు ముందు నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, ఆ తరవాతే మందు రాస్తాడు. యంత్రం విషయంలో కూడా ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చయ్యే పనులు చివర. ఈ వరస తప్పినప్పుడే డబ్బు వృథా అవుతుంది.

ముందుగా వేడి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుందాం. కంప్యూటరు తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరును లోకానికి చూపించారు. అందులో సుమారు 18 వేల వాక్యూం ట్యూబులు ఉండేవి. అది దాదాపు 150 కిలోవాట్ల కరెంటు తీసుకునేది. దాన్ని చల్లబరచడానికి ప్రత్యేకంగా గాలి యంత్రాలు పెట్టవలసి వచ్చింది. ఈనాటి పలచని లాప్‌టాప్‌లలో ప్రాసెసరు మామూలుగా 15 వాట్ల లెక్కన తయారవుతుంది. అంటే పూర్వం మనం రాత్రిపూట వేసుకునే చిన్న బల్బు అంత. చూడడానికి తక్కువే. కాని ఆ వేడి అంతా బొటనవేలి గోరంత చోట పుడుతుంది. దాన్ని ఒక రాగి గొట్టం పక్కకు మోసుకువెళితే, చిన్న పంకా బయటికి ఊదేస్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా వేడి లోపలే నిలిచిపోతుంది.

ఇక రోగ లక్షణాలు. నెమ్మదించడం, దానంతట అదే ఆరిపోవడం, స్తంభించడం అనే మూడింటినీ మనం కలిపి "హ్యాంగ్ అయింది" అంటాం. ఈ మూడూ ఒకటి కావు. ప్రాసెసరుకు ఒక హద్దు ఉంటుంది, చాలా వాటికి అది 100 డిగ్రీల దగ్గర. హద్దు దగ్గర పడగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు పని నత్తనడక నడుస్తుంది. అయినా వేడి తగ్గకపోతే, కాలిపోకుండా కాపాడుకోవడానికి యంత్రం టక్కున ఆరిపోతుంది. ఈ రెండూ వేడికి సంబంధించిన గుర్తులు. అలా కాక తెర వెలుగుతూనే ఉండి, మౌసు బాణం కదలక, అక్షరం పడక అలాగే నిలిచిపోతే, దానికి కారణం వేడి కావచ్చు, జ్ఞాపక స్థలం చాలకపోవడం కావచ్చు, హార్డ్ డిస్కు పాడవడం కూడా కావచ్చు.

ఏది అసలు కారణమో తేల్చడానికి ఒక నోటు పుస్తకం చాలు. మూడు రోజులు మూడు సంగతులు రాయండి. ఆన్ చేసిన ఎంతసేపటికి హ్యాంగ్ అయింది? అప్పుడు ఏ పని చేస్తున్నారు? పంకా చప్పుడు ఎలా ఉంది? ఒక రోజు తెల్లవారుజామున చల్లని వేళ, బల్ల మీద పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాను వేసి అదే పని చేయండి. చల్లగా ఉన్నప్పుడు నడిచి, మధ్యాహ్నం అరగంటకే ఆగితే దోషం వేడిది. చల్లని వేళ కూడా, ఆన్ చేసిన ఐదు నిమిషాలకే స్తంభిస్తే దోషం వేరే చోట ఉంది. ఈ ఒక్క పరీక్ష మెకానిక్కుతో మీరు మాట్లాడే తీరునే మార్చేస్తుంది.

దోషం వేడిదే అని తేలితే మొదట గాలి సంగతి చూడాలి. చాలా లాప్‌టాప్‌లు కిందినుంచి గాలి పీల్చి పక్కనుంచో వెనకనుంచో వదులుతాయి. పరుపు మీద, బొంత మీద, ఒళ్ళో దిండు మీద పెట్టుకుంటే దాని ముక్కు మూసినట్టే. గట్టి పలక మీద పెట్టి, వెనక భాగం కింద రెండు సీసా మూతలంత ఎత్తు ఇస్తే గాలికి దారి దొరుకుతుంది. ఇంకొక మాట. తయారీదారులు చాలామంది తమ యంత్రాన్ని 35 డిగ్రీల లోపు ఉన్న చోట వాడమంటారు. మన మరాఠ్వాడాలో మే నెలలో బయట 42, 43 డిగ్రీలు కొత్త కాదు. రేకుల కప్పు కింద మధ్యాహ్నం గది ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి ఎండాకాలంలో బరువైన పనులు ఉదయం పూటకో రాత్రికో పెట్టుకోవాలి. అలాగని కూలర్ ఎదురుగా తడిగాలిలో పెట్టకండి. ఐసు గడ్డలు ఆనించడం, ఫ్రిజ్‌లో పెట్టడం అసలే వద్దు. లోపల నీటి చెమ్మ పట్టి ఉన్నది కూడా పోతుంది.

రెండవది పని భారం. విండోస్ ఉన్న యంత్రంలో కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసరును, మెమొరీని, డిస్కును ఎవరు ఎంత తింటున్నారో అక్కడ శాతాల్లో కనిపిస్తుంది. మెమొరీ 90 శాతం దాటి ఉంటే బ్రౌజరులో తెరిచి వదిలేసిన పేజీలు మూసేయండి. మీరు ఏ పనీ చేయకపోయినా ప్రాసెసరు పూర్తి భారంతో నడుస్తుంటే వైరస్ పరీక్ష చేయించండి. మనలో చాలామంది నెలకోసారి, అవసరం పడ్డ రోజునే లాప్‌టాప్ తెరుస్తారు. అన్నాళ్ళ అప్‌డేట్లు అన్నీ ఒక్కసారి మొదలై, మొదటి గంట యంత్రం వేడెక్కి మొరాయిస్తుంది. దాన్ని రోగం అనుకోకండి. దరఖాస్తు నింపే ముందురోజే ఆన్ చేసి, ఇంటర్నెట్టు ఇచ్చి, ఆ పని పూర్తి కానిచ్చి, ఒకసారి రీస్టార్ట్ చేయండి.

మూడవది దుమ్ము. మనది పత్తి పండే జిల్లా. జిన్నింగు నడిచే నెలల్లో గాలిలో తేలే నూగు ఎంతో మనకు తెలుసు. ఆ నూగు, ఇంటి దుమ్ము కలిసి పంకాకూ దాని ముందున్న సన్నని రేకులకూ మధ్య చిన్న పరుపులా పేరుకుంటాయి. పంకా గట్టిగా అరుస్తున్నా బయటికి గాలి రాకపోతే అదే కారణం అనుకోవచ్చు. యంత్రం పూర్తిగా ఆపి, చార్జరు తీసి, మెత్తని పొడి బ్రష్షుతో రంధ్రాల దగ్గర తుడవడం ఇంట్లో చేయదగిన పని. మూత విప్పడం తెలిసినవారికి వదిలేయండి. దుకాణంలో బ్లోయరుతో ఊదేటప్పుడు పంకా రెక్కను కదలకుండా పట్టుకోమని చెప్పండి. విపరీతమైన వేగంతో తిరిగితే దాని బేరింగు పాడవుతుంది. యంత్రం కొని నాలుగైదేళ్ళు అయి ఉంటే, ప్రాసెసరుకూ రాగి పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. శుభ్రం చేయించినప్పుడే దాన్నీ మార్పించండి. పని మీ కళ్ళ ముందు జరగాలని అడగడంలో మొహమాటం అక్కర లేదు.

ఇవన్నీ చేసినా చల్లని వేళ కూడా స్తంభిస్తూనే ఉంటే, అప్పుడు హార్డ్ డిస్కును అనుమానించాలి. డిస్కు భారం ఎప్పుడూ 100 శాతం చూపడం, ఫైలు తెరవడానికి నిమిషాలు పట్టడం, లోపల టిక్కు టిక్కుమని చప్పుడు రావడం దాని లక్షణాలు. పాత తిరిగే డిస్కు తీసి ఎస్సెస్‌డీ వేయిస్తే, ముసలిదైపోయిందనుకున్న యంత్రం మళ్ళీ చురుకుగా లేచిన సందర్భాలు చాలా ఉన్నాయి. మెమొరీని పరీక్షించడానికి విండోస్‌లోనే మెమొరీ డయాగ్నస్టిక్ అనే సాధనం ఉంది. "మదర్‌బోర్డు పోయింది" అన్న మాట విన్నా, ఈ రెండు పరీక్షలూ చేశారా అని అడిగిన తరవాతే ఒప్పుకోండి.

ఒక్క లక్షణం మాత్రం ఏ పరీక్షకూ ఆగదు. అడుగు భాగం ఉబ్బడం, టచ్‌ప్యాడు పైకి లేవడం, తియ్యని మందు వాసన రావడం కనిపిస్తే అది బ్యాటరీ ఉబ్బిన గుర్తు. వెంటనే చార్జరు తీసి, యంత్రం ఆపి, పిల్లలకు దూరంగా పెట్టండి. దాన్ని నొక్కకండి, గుచ్చకండి. 2006లో డెల్ కంపెనీ మంటలు వచ్చే ప్రమాదం ఉందని 41 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచింది. అంత పెద్ద కంపెనీయే అంత జాగ్రత్తపడినప్పుడు మనం ఉపేక్షించకూడదు. రాత్రి పరుపు మీద చార్జింగు పెట్టి నిద్రపోయే అలవాటును ఈ రోజుతోనే మానండి.

ఈ పరీక్షలన్నిటి కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. యంత్రం మొదటిసారి మొరాయించిన రోజునే మార్కుల పత్రాలు, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, సగం రాసిన ప్రాజెక్టు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. యంత్రం బాగుపడుతుంది, లేదా కొత్తది వస్తుంది. పోయిన పని మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. గడువున్న దరఖాస్తులను చివరి రాత్రికి వదలకుండా రెండు రోజుల ముందే పూర్తి చేయమని మీ పిల్లలకు చెప్పండి. వేడెక్కిన యంత్రం మాట వినకపోయినా, అప్పుడు దగ్గరలోని సేవా కేంద్రానికి వెళ్ళే వ్యవధి అయినా మిగులుతుంది.

ముందు భద్రపరచడం, తరవాత గమనించడం, ఆ తరవాత గాలి, భారం, దుమ్ము, చివరికి విడిభాగాలు. ఈ వరస గుర్తుంటే చాలు. కొత్తది కొనాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు మీ నోటు పుస్తకంలోనే దొరుకుతుంది.