‘పర్ఫార్మెన్స్’ను చెక్‌లో ఏమనాలి?



ఇవాళ మనకు దూరపు భాష ఒకదాని గురించి మాట్లాడబోతున్నాను. చెక్ భాష, సుమారు కోటి మంది మాట్లాడే భాష. దాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. చెక్ జాతి చందాలు వేసుకుని, తమ భాషలో నాటకాలు ఆడటం కోసం నాటకశాల కట్టుకుంది. అలాంటి చోటికి ఇంగ్లీషు రంగస్థల పదాలు వెళ్తే ఏమవుతుందో చూస్తే అనువాదకుడి పని ఏమిటో స్పష్టంగా తెలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: రంగస్థల పదాన్ని అనువదించే ముందు, దాని వెనక ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎవరి ఎదుట చేస్తున్నారో తెలుసుకోవాలి. నిఘంటువు తెరవడం ఆ తర్వాత.

ముందు కొంచెం చరిత్ర. 18వ శతాబ్దం చివర ప్రాగ్ నగరంలో పెద్ద నాటకశాలలు జర్మన్, ఇటాలియన్ భాషలవే. మోజార్ట్ ‘డాన్ జొవాన్ని’ ఒపేరాకు 1787లో తెర ఎత్తింది ఆ ఊళ్లోనే, ఇటాలియన్‌లో. అంతకు ఏడాది ముందు, ఇప్పుడు వెన్సెస్లాస్ స్క్వేర్ అంటున్న చోట చెక్ నాటకాల కోసం కొయ్యతో ఒక చిన్న రంగశాల లేచింది. జనం దాన్ని ‘బౌద’ అన్నారు, అంటే పాక. ఆ 1786లోనే కారెల్ హైనెక్ థామ్ ‘మాక్‌బెత్’ను చెక్‌లోకి తెచ్చాడు. తర్వాత యోసెఫ్ యుంగ్‌మన్ 1834 నుంచి 1839 దాకా అయిదు సంపుటాల చెక్-జర్మన్ నిఘంటువు వెలువరించాడు. 1868లో జాతీయ నాటకశాలకు శంకుస్థాపన జరిగింది. 1881 జూన్‌లో తెరుచుకున్న ఆ భవనం ఆగస్టులోనే కాలిపోయింది. జనం మళ్లీ చందాలు వేసుకున్నారు. 1883 నవంబరులో తలుపులు మళ్లీ తెరిచారు. వేదిక పైభాగాన రెండే మాటలు కనిపిస్తాయి: ‘నారొద్ సొబ్యె’. జాతి తనకు తానుగా ఇచ్చుకున్నది అని భావం.

ఇలాంటి పట్టుదల ఉన్న చోట మాటలు కూడా పద్ధతిగా రూపు కట్టాయి. నాటకశాలను ‘దివద్లో’ అంటారు, చూడటం అనే క్రియ నుంచి వచ్చింది. వేదిక ‘యెవిష్ట్యే’, అంటే కనిపించే చోటు. ప్రేక్షకులు కూర్చునేది ‘హ్లెదిష్ట్యే’, అంటే చూసే చోటు. ఒకరు కనిపించాలి, ఇంకొకరు చూడాలి. నాటకానికి కావలసిన ఇద్దరూ ఆ పేర్లలోనే ఉన్నారు. ఇంగ్లీషు ఆడియన్స్, ఆడిటోరియం మాత్రం వినడం నుంచి పుట్టాయి. అందుకే ఆడియన్స్ అన్న మాట ఎదురైనప్పుడు చెక్ అనువాదకుడు అక్కడ ఉన్నది నాటకమా, కచేరీయా అని చూసుకుంటాడు. ప్రేక్షకులు, శ్రోతలు అని విడివిడిగా చెప్పుకునే మనకు ఆ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది.

ఇక అసలు చిక్కుముడి, పర్ఫార్మెన్స్. ఒక ఇంగ్లీషు నాటక సమీక్షను చెక్‌లోకి తెస్తున్నామనుకుందాం. ‘ఇవాళ్టి పర్ఫార్మెన్స్ ఏడు గంటలకు’ అన్నచోట మాట ‘ప్ర్షెద్‌స్తవెనీ’. ముందు నిలపడం అని దాని అర్థం, ఆ ఒక్క రాత్రి జరిగే ఆటకు పేరు. కథానాయిక పర్ఫార్మెన్స్ బాగుందంటే ‘వీకొన్’. అది సాధించి చూపిన పని. క్రీడాకారుడు సాధించినదానికీ, ఇంజను శక్తికీ అదే మాట. సింఫనీ పర్ఫార్మెన్స్ అయితే ‘ప్రొవెదెనీ’, రచనను చివరిదాకా నడిపించి పూర్తిచేయడం. గాయకుడు ఉత్సవంలో పాడితే అది ‘విస్తౌపెనీ’, అంటే ముందుకు వచ్చి నిలబడటం. కరపత్రంలో పాల్గొనేవారి జాబితాకు శీర్షిక ‘ఊచిన్‌కుయీత్సీ’. మందు ఒంటికి పట్టి పనిచేస్తే వాడే క్రియే ఆ మాటకూ మూలం.

ఇప్పుడు ‘పర్ఫార్మెన్స్ అద్భుతంగా ఉంది’ అన్న చిన్న వాక్యం తీసుకోండి. మెచ్చుకున్నది నటినా, ఆ రాత్రి ఆటనా? ఇంగ్లీషు వాక్యం ఆ సంగతి తేల్చకుండానే గడిచిపోతుంది. చెక్ వాక్యం తేల్చందే ముందుకు కదలదు. అనువాదకుడు పైపేరా మళ్లీ చదవాలి, వీలైతే రాసినవారినే అడగాలి. చెక్ పాఠకుడికి అందే స్పష్టత అనువాదకుడు కష్టపడి సంపాదించినది.

దర్శకుడు నెలల తరబడి తయారుచేసి రంగం మీదికి తెచ్చిన రూపానికి ఇంకో మాట ఉంది, ‘ఇన్‌స్త్సెనత్సె’. అది ఏళ్ల తరబడి బతుకుతుంది. ప్ర్షెద్‌స్తవెనీ ఆ రాత్రితో ముగుస్తుంది. ఇలాంటి తేడాలను పట్టుకోవడంలో చెక్ ఆలోచనాపరులు ఎంతో ముందున్నారు. ఒతకార్ జిఖ్ 1931లో వెలువరించిన నాటక కళా సౌందర్యశాస్త్రంలో నటుణ్ని, నటుడు తన ఒంటితో కట్టిన రూపాన్ని, ప్రేక్షకుడి మనసులో నిలిచే వ్యక్తిని మూడుగా విడదీశాడు. ఇంగ్లీషు గ్రంథంలో క్యారెక్టర్ అని కనిపిస్తే, చెక్ అనువాదకుడు ఈ మూడింటిలో ఏదో తెలుసుకుని రాయాలి.

కొన్ని మాటలు పని పద్ధతి వల్లే కుదరవు. లండన్ వెస్ట్ ఎండ్‌లో ఒక నాటకం మొదలైతే మామూలుగా వారానికి ఎనిమిది ఆటలు, అదే నాటకం, నెలల తరబడి. దాన్ని రన్ అంటారు. ప్రాగ్‌లోని పెద్ద నాటకశాలల్లో స్థిరమైన నటవర్గం ఉంటుంది. ఇవాళ ఒక నాటకం, రేపు ఇంకొకటి, వచ్చే వారం మళ్లీ మొదటిది. అందుకే అక్కడ మొదటి ఆట ‘ప్రెమియేర’, తర్వాతి ప్రతి ఆటా ‘రెప్రీజ’, చిట్టచివరిది ‘దెర్నియేర’. ‘రెండేళ్ల రన్’ అన్నదాన్ని రెండేళ్లు రెప్రీజలు జరిగాయని రాస్తే చెక్ పాఠకుడి కళ్ల ముందు కదిలేది వేరే రకం నాటకశాల. అండర్‌స్టడీ కూడా అంతే. పాత్ర నేర్చుకుని, అసలు నటుడికి జ్వరమొస్తే తప్ప ఆ పాత్రలో వేదిక ఎక్కని మనిషి అతను. చెక్‌లో ‘అల్తెర్నత్సె’ ఉంది, కానీ అక్కడ ఇద్దరు నటులు ఒకే పాత్రను వంతులవారీగా, సమాన హోదాతో వేస్తారు. ‘జాస్కొక్’ ఉంది, అది ఉన్నట్టుండి ఒకరి బదులు దూకి ఆటను నిలబెట్టడం. అండర్‌స్టడీ ఈ రెండూ కాడు. అక్కడ ఒక్క మాట కోసం పట్టుబట్టకుండా అతని పనేమిటో చిన్న వాక్యంలో చెప్పడమే నిజాయితీ.

ఆట ముగిశాక నటులు మళ్లీ తెర ముందుకు రావడాన్ని ఇంగ్లీషులో కర్టెన్ కాల్ అంటారు. పిలిచేది ప్రేక్షకులు. చెక్ నటులు దాన్ని ‘ద్యెకొవచ్క’ అంటారు. అది కృతజ్ఞత చెప్పే క్రియ నుంచి వచ్చింది, చెప్పేది నటులు. సన్నివేశం ఒకటే అయినా చూసే వైపు మారింది. ఇలాంటిచోట మక్కికి మక్కి అనువదిస్తే నవ్వులపాలవుతాం. ద్యెకొవచ్క అంటే చాలు, హాలంతా చప్పట్లు వినిపిస్తాయి.

అయితే పర్ఫార్మెన్స్ అన్న ఇంగ్లీషు మాటే చెక్‌లోకి నేరుగా వచ్చిన సందర్భం కూడా ఉంది. 1970లలో ప్రాగ్‌లో పెత్ర్ ష్టెంబెర, కారెల్ మిలెర్, యాన్ మ్ల్చోఖ్ తమ శరీరాన్నే కళామాధ్యమంగా చేసుకున్నారు. రాసిన నాటకం లేదు, పాత్ర లేదు, వేదిక లేదు. ప్ర్షెద్‌స్తవెనీ అందామంటే నిలబెట్టి చూపే కథ లేదు. వీకొన్ అంటే కొలిచే సాధన కాదు. ఆ పనికి పాత మాటలేవీ చాలలేదు కాబట్టి అరువు మాటకు న్యాయంగా చోటు దొరికింది. చెక్ వ్యాకరణం దాన్ని స్త్రీలింగంగా చేర్చుకుంది. ఆ గడప దాటి, ప్రతి నాటక ప్రదర్శననూ పర్ఫార్మెన్స్ అనేస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఉన్న తేడాలన్నీ చెరిగిపోతాయి.

సంస్థల పేర్లు కూడా ఈ తేడాలకు సాక్ష్యం. ప్రాగ్‌లో 1945లో నెలకొన్న కళా విద్యాపీఠాన్ని ఇంగ్లీషులో అకాడమీ ఆఫ్ పర్ఫార్మింగ్ ఆర్ట్స్ అంటారు. చెక్ పేరులో ఉన్నది ‘మూజిత్స్‌కే ఉమ్యెనీ’, మ్యూజ్ అనే కళాదేవతల విద్యలు. 1967లో మొదలైన ప్రాగ్ క్వాడ్రెన్నియల్ నాలుగేళ్లకోసారి జరిగే రంగాలంకరణ ప్రదర్శన. 2011 నాటికి దాని ఇంగ్లీషు పేరులోకి ‘పర్ఫార్మెన్స్ డిజైన్’ వచ్చింది. చెక్ పేరు అప్పటికీ ‘స్త్సెనోగ్రఫియె’ అనే ఉంది. యోసెఫ్ స్వొబొద లాంటి మహాకళాకారుడు జీవితాన్ని ధారపోసిన విద్యకు అదే పేరు. ఇంగ్లీషు కరపత్రం చూసి ఈ పేర్లను తిరిగి చెక్‌లోకి మార్చేవాడు చరిత్ర తెలియకపోతే ఉన్న పేరును చెడగొడతాడు.

చివరిగా, యాక్ట్. ఇంగ్లీషులో నటించడమూ అదే, కార్యానికి దిగడమూ అదే. చెక్‌లో నాటకం ఆడటం ‘హ్రాత్’. మన ఆటలాగే పిల్లల ఆటకూ, రంగస్థలం ఆటకూ, మోసపు నటనకూ ఒకటే. కార్యానికి దిగడం, చర్చలు జరపడం ‘యెద్నత్’. 1989 నవంబరులో కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగిన విద్యార్థుల మీద పోలీసులు విరుచుకుపడ్డాక ప్రాగ్ నటులు సమ్మె కట్టారు. ఆటలు ఆపి, ప్రేక్షకులతో చర్చలకు కూర్చున్నారు. 19వ తేదీన సివిక్ ఫోరం అనే ప్రజా ఉద్యమ వేదిక పుట్టింది చినొహెర్నీ క్లుబ్ అనే నాటకశాలలో. తర్వాత దాని కార్యస్థానం లాటెర్నా మాజిక రంగశాల. ఆ వేదిక నాయకుడు, నాటకకర్త వాత్స్లావ్ హావెల్ డిసెంబరులో దేశాధ్యక్షుడయ్యాడు. ఆ రోజుల గురించి ‘యాక్టర్స్ యాక్టెడ్’ అని ఇంగ్లీషులో రాస్తే, అనువాదకుడు హ్రాత్ రాయకూడదు. వాళ్లు సరిగ్గా ఆ పనే మానేశారు. అక్కడ యెద్నత్ తప్ప వేరే మాట లేదు. ఈ ఒక్క క్రియ తప్పితే చరిత్రే తలకిందులవుతుంది.

1963లో యిర్షీ లెవీ తన అనువాద కళా గ్రంథంలో నాటకానువాదాన్ని ప్రత్యేకంగా చర్చించాడు. నాటకంలో వాక్యం నటుడి నోట పలకాలి, ప్రేక్షకుడి చెవికి ఒక్కసారికే అందాలి. పరిభాషకూ అదే పరీక్ష పెట్టాలని నా మనవి. మనం పదకోశాలు కూర్చేటప్పుడు గ్రంథాలయానికి వెళ్లేముందు నాటక సమాజాలకు వెళ్దాం. తెర లాగేవారిని, వేషం కట్టేవారిని, ప్రాంప్టింగ్ చెప్పేవారిని అడుగుదాం. వాళ్ల నోట రిహార్సల్ అని ఉంటే అదే రాద్దాం. వాళ్లు రెండు పనులుగా చూసేదానికి ఒకే మాట అంటగట్టవద్దు. చేసే మనిషినీ, చూసే మనిషినీ గుర్తించకుండా రంగస్థల పదం ఒక్కటి కూడా ఖాయం చేయవద్దు.